మెట్లెక్కని తల్లులు

నా నడుము నొప్పికి వయసే కారణమని ఇప్పటి డాక్టర్లు అంటారు. నేను ఒప్పుకోను. దానికి కారణం ఇరవై రెండు మెట్లు. వాటిని ఒక్కొక్కటిగా ఎరుగుదును. ఏడో మెట్టు అంచు విరిగి ఉండేది. పదమూడో మెట్టు దగ్గర మలుపు, అక్కడ పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. ఆ మెట్ల పైన, ఒక పాత బంగళా మేడ మీద, వికలాంగులకు సర్టిఫికెట్లు ఇచ్చే మెడికల్ బోర్డు నెలకోసారి కూర్చునేది. నడవలేని మనుషులు నడవలేరని రాసివ్వడానికి వాళ్లను మేడ మీదికి రమ్మనేవాళ్లు. ఈ ఆలోచన ఎవరికి తట్టిందో తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది. తెలిస్తే వాళ్లింటికి వెళ్లి రెండు మాటలు అడిగి వస్తాను.

మాది పెద్దపల్లికి దగ్గరి పల్లె. మా ఆయన మందమర్రిలో బొగ్గుబాయి పనికి పోయి వారానికోసారి రైలుకు ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో నేను, మా అత్త, నా బిడ్డ. బిడ్డకు ఏడాదిన్నర అప్పుడు జ్వరమొచ్చి ఫిట్స్ పట్టుకున్నాయి. జ్వరం పోయింది కానీ, దాంతోపాటు నడకా మాటా పోయాయి. మాట లేదంటే మనసు కూడా లేదనుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉండేవాళ్లు. నా బిడ్డకు ఇష్టమైతే గదువ, అదే గడ్డం, పైకెత్తుతుంది. ఇష్టం లేకపోతే కళ్లు గట్టిగా మూసుకుంటుంది. ఆ రెండింటితో ఇల్లంతా నడిపించేది. ఏ కూర వండాలో, ఎవరు వస్తే తలుపు తియ్యాలో కూడా అదే చెప్పేది.

నేను బీడీలు చేసేదాన్ని. మా వైపు ఆడవాళ్లలో ఆ పని రానివాళ్లు తక్కువ. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టడమే. కదలలేని మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు అంతకన్నా కుదిరిన పని లేదు. చేతులు ఆకు మీద ఉంటాయి, కళ్లు పిల్ల మీద ఉంటాయి. ఊళ్లో అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో అప్పటికి నాకూ తెలియదు. ఎవరి గుమ్మం లోపల వాళ్లం, ఎవరి చాట ముందు వాళ్లం.

ఎనభైల చివర ఒక ఎండాకాలం, జిల్లా ఆఫీసు నుంచి ఒక మేడం మా ఊరికి వచ్చింది. చిన్న వయసు, మంచి మనసు. వికలాంగులు ఉన్న కుటుంబాల అనుభవాలు సేకరిస్తున్నామని, వాటిని చూసి సౌకర్యాలు బాగుచేస్తారని చెప్పింది. పదో తరగతి దాకా చదివిన ఆడమనిషి కావాలంటే ఊరివాళ్లు నన్ను చూపించారు. ఫారాల కట్ట నా చేతిలో పెట్టి, మా ఊరూ చుట్టుపక్కల మూడు ఊళ్లూ తిరిగి రాసుకురమ్మంది. నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఇస్త్రీ చీర కట్టుకుని, పెన్ను జాకెట్‌కు గుచ్చుకుని బయలుదేరాను.

తప్పంతా అక్కడే జరిగింది. మా వైపు ఎవరైనా గుమ్మంలోకి వచ్చి బాగున్నరా అంటే బాగున్నమనే అంటాం. ఇంట్లో మనిషి మంచాన ఉన్నా అదే మాట. అలా అనకపోతే ఇంటికి మంచిది కాదని ఒక నమ్మకం. కాగితం పట్టుకుని వచ్చినవాళ్ల ముందైతే ఇంకా ఎక్కువ. పిల్లను హాస్టల్‌కు ఎత్తుకుపోతారేమో, మిగతా పిల్లల సంబంధాలు చెడిపోతాయేమో అని లోపల గుబులు. నన్ను చూడగానే పిల్లలకు తల దువ్వి, ఉతికిన అంగీ తొడిగి కూర్చోబెట్టేవాళ్లు. కుటుంబానికి ఎదురయ్యే ఇబ్బందులు ఏమిటి అని చదివితే, ఏం లేవు, బాగనే ఉన్నం అనేవాళ్లు. నేను ఏమీ లేవు అని రాసేదాన్ని. ఇల్లిల్లూ తిరిగి అదే రాశాను.

సిగ్గుపడాల్సిన మాట ఇంకొకటి ఉంది. చివరి ఫారం మా ఇంటిది. నడుముకు తుండు బిగించి కట్టుకుని, బిడ్డకు స్నానం చేయించి, మోసుకొచ్చి మంచం మీద వేసి, అప్పుడే కూర్చుని రాశాను. ఇబ్బందులు: ఏమీ లేవు. మా అత్త పక్కనే ఉంది. ఆమె ముందు ఇంకోలా రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

రెండు నెలల తర్వాత మేడం మళ్లీ వచ్చింది, ముఖం చిన్నబుచ్చుకుని. ఎక్కడ కుటుంబాలు ఎక్కువ కష్టపడుతున్నాయో అక్కడికి బోర్డునే మూడు నెలలకోసారి పంపాలని పైవాళ్లు అనుకున్నారట. మా ఫారాలు చూసి, ఈ ఊళ్లల్లో ఎవరికీ ఇబ్బందులు లేవని తేల్చి, మా పేరు కొట్టేశారట. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేది. నా చేతులతో నేనే రాసి ఇచ్చానుగా.

అదే నెలలో నా బిడ్డ సర్టిఫికెట్ గడువు తీరింది. వాళ్లు రెండేళ్లకే ఇచ్చేవాళ్లు, రెండేళ్లలో కాళ్లు వస్తాయేమోనని కాబోలు. చక్రాల కుర్చీకి దాని పేరు అప్పటికే జాబితాలో ఉంది. కొత్త సర్టిఫికెట్ చూపిస్తేనే కుర్చీ ఇస్తారు, లేకపోతే తర్వాతి పేరుకు పోతుంది. బిడ్డకు పద్నాలుగేళ్లు నిండాయి, నా భుజాన్ని దాటి పెరిగింది. దాన్ని మోసే రోజులు నాకు ఎక్కువ మిగల్లేదని నడుము రోజూ చెబుతోంది. ఆ కుర్చీ రాకపోతే నా బిడ్డ ఇక మంచం దిగదు. మోసే బాధ తప్పించే కుర్చీ కోసం, మోసుకుని ఇరవై రెండు మెట్లు ఎక్కాలి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండు బస్సులు మారి వెళ్లాను. వీపు మీద వేసుకుని ఎక్కాను. పదమూడో మెట్టు దగ్గర మలుపులో కాలు మడతపడి ఇద్దరం పడ్డాం. నా మోచేయి దోక్కుపోయింది, బిడ్డ గదువ చీలింది. దానికి ఉన్న మాట ఆ గదువే. రక్తం కొంగుతో అదిమి పట్టుకుని పైదాకా పాక్కుంటూ వెళితే, నంబరు దాటిపోయింది, వచ్చే నెల రమ్మన్నాడు గుమాస్తా. తల ఎత్తకుండానే అన్నాడు. ఆ దిగే మెట్ల మీద ఒట్టు పెట్టుకున్నాను, దీన్ని మోసుకుని మళ్లీ ఈ మెట్లెక్కనని. కోపంలో పెట్టుకున్న ఒట్టే. కానీ కోపం తగ్గాక కూడా అది సరైనదిగానే కనిపించింది.

ఇంటికి వచ్చాక ఫారాలూ పెన్నూ పక్కన పెట్టేశాను. ఒక పొడుగు నోటుబుక్కు ఇంట్లో ఉంచి, మళ్లీ అవే ఇళ్లకు వెళ్లాను. ఈసారి ఇస్త్రీ చీర లేదు. నా చాట చంకన పెట్టుకుని, బిడ్డను పక్కింటి వాళ్ల తోపుడు బండి మీద కూర్చోబెట్టుకుని వెళ్లాను. అక్కా, నీ ఇంట్ల కూసోని చేసుకుంట అంటే మా వైపు ఎవరూ వద్దనరు. ఆకు కత్తిరించుకుంటూ ముందు నా సంగతి చెప్పాను. ఫారంలో అబద్ధం రాశానని, నాకు ఇబ్బందులు ఉన్నాయని, అవి ఏవేవో చెప్పాను. మెట్ల మీద పడ్డది చెప్పాను. బిడ్డ గదువ మీది కుట్లు చూపించాను. చేతులు పనిలో ఉంటే ఎదుటి మనిషి ముఖం చూడక్కర్లేదు. ముఖం చూడక్కర్లేకపోతే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. నాకు ఏ ఆఫీసూ ఇది నేర్పలేదు.

ఒకామె తొమ్మిదేళ్లుగా ఏ పెండ్లికీ పోలేదు, సొంత తమ్ముడి పెండ్లికి కూడా. పిల్లవాడిని వెంట తీసుకురావద్దని పుట్టింటివాళ్లే అన్నారట. పోలియో వచ్చిన మనవడిని సైకిల్ వెనుక తువ్వాలతో కట్టి ఆసుపత్రికి తీసుకుపోయే తాత ఒకాయన ఉన్నాడు. చంకకర్రలు కనబడగానే బస్సు ఆపకుండా పోతుందని, అందుకే ఈ వయసులో సైకిల్ తొక్కుతున్నానని చెప్పాడు. ఇంకొకామె ఎదిగిన మరిదికి రోజూ స్నానం చేయిస్తుంది. ఆ మాట పదేళ్లలో మొదటిసారి పైకి అన్నానని చెప్పి, గబగబా నాలుగు బీడీలు ఎక్కువ చుట్టింది. నేను అవన్నీ మనసులో పెట్టుకుని, ఇంటికి వచ్చి వాళ్ల మాటల్లోనే బుక్కులో రాసేదాన్ని. మర్నాడు తీసుకెళ్లి వాళ్లకే చదివి వినిపించేదాన్ని. తప్పుంటే దిద్దేవాళ్లు. మా అత్త మొదట్లో మూతి విరిచింది, ఇంటి గుట్టు ఊరికెక్కిస్తున్నానని. నాలుగు రోజులకు తానే పక్కన కూర్చుని, గా తాత సంగతి మల్లొకసారి చదువు అనడం మొదలుపెట్టింది.

మా వాడలో మూలింటామె ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్ద. భర్త లేడు. ఇరవై ఏళ్ల కొడుకు, పసివాడి బుద్ధి, చెయ్యి వదిలితే ఎటు పోతాడో వాడికే తెలియదు. ఆమె ఇంటి అరుగు మీద ఒక మధ్యాహ్నం అయిదారుగురం చాటలు పెట్టుకుని కూర్చున్నాం. అప్పటిదాకా ఆమె ఏమీ చెప్పలేదు. దారం పళ్లతో తెంపి, తల ఎత్తకుండానే అంది.

“నా కొడుకు నాకంటె ముందుగాల పోవాలె. నేను రోజు దేవునికి మొక్కేది గదే.”

ఎవరి చేతులూ ఆడలేదు. తర్వాత మరిదికి స్నానం చేయించే ఆమె, నేను గూడ గదే మొక్కుత అంది. ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నా బిడ్డ వైపు చూడలేకపోయాను. నేనూ మొక్కాను. నడుము పట్టేసిన రోజుల్లో, దాన్ని మంచం నుంచి లేపలేక పక్కన కూర్చుండిపోయిన రోజుల్లో, అచ్చంగా అదే మొక్కాను. అంత పాపిష్టి తల్లిని నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను.

ఆ అరుగు మీద నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఏ తల్లీ ఆ మొక్కు మొక్కడానికి పిల్లల్ని కనదు. మా తర్వాత ఈ పిల్లలకు ఒక ముద్ద పెట్టే చెయ్యి ఎక్కడా కనబడకపోతేనే ఆ మొక్కు పుడుతుంది. దాన్ని మా పాపమనో కర్మమనో అనుకుని ఇంట్లో దాచుకుంటున్నాం. అది దాచాల్సింది కాదు, తీసుకెళ్లి వాళ్ల టేబుల్ మీద పెట్టాల్సింది. ఇది రాయనా అక్కా అని అడిగాను. రాయి, నా పేరు పెట్టకు గాని మాట మాత్రం తియ్యకు అంది. అందుకే ఈ రాతలో ఎవరి పేరూ లేదు, మాటలు ఉన్నాయి.

బుక్కు నిండాక మేడంకు చూపించాను. నిలబడి మొదలుపెట్టింది, సగంలో కూర్చుంది. అయినా ఆమె పైఅధికారి ఫారంలో లేనిది లెక్కలోకి రాదన్నాడట. అయితే మమ్మల్నే లెక్కపెట్టమను అన్నాను నేను. బోర్డు రోజు ఏదో చెప్పింది. చెప్పకపోయినా మాకు తెలుసు.

ఆ రోజు పదకొండు ఇళ్లవాళ్లం కలిసి వెళ్లాం. కూలీలను దించి తిరిగి వెళుతున్న ట్రాక్టర్ మీద పిల్లలను కూర్చోబెట్టి, వాళ్ల చుట్టూ మేం కూర్చున్నాం. మా ఆయన బాయికి నాగా పెట్టి వచ్చాడు. బంగళా ముందు దిగగానే వంగి బిడ్డను వీపుకెత్తుకోబోయాడు. బొగ్గు తట్టలు మోసిన ఒళ్లు, రెండు నిమిషాల్లో పైకి చేరుస్తాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“నువ్వు గీ ఒక్కరోజు ఎత్తుకపోతవు. తెల్లారి మల్ల నేనే. మిగిలిన పదిమందిని ఎవరు ఎత్తుకపోతరు?”

కుర్చీ పోతదేమో చూసుకో అన్నాడు మెల్లగా. పోతుందనే భయం నాకూ ఉంది. అయినా బిడ్డను మెట్ల కింద వరండాలోనే గోడకు ఆనించి కూర్చోబెట్టాను. మిగతావాళ్లూ వరసగా కూర్చున్నారు. చాటలు తీసుకుని పని మొదలుపెట్టాం. అటెండర్ పైనుంచి తొంగిచూసి, ఇది ఆఫీసా బీడీల కార్ఖానానా అన్నాడు. మాకు రోజు కూలి పోతే మీరు కట్టిస్తారా అని అడిగింది మరిదికి స్నానం చేయించే ఆమె. వాడు తల లోపలికి తీసుకున్నాడు.

పైనుంచి పిలిచిన మొదటి నంబరు నా బిడ్డదే. ఉన్నది, కిందనే ఉన్నది, డాక్టరు సారును రమ్మనండ్రి అని కేకేశాను. గుమాస్తా సగం మెట్లు దిగివచ్చాడు. మొదట బుజ్జగించాడు, రూల్సు అన్నాడు, డాక్టర్లు మెట్లు దిగి రావడం పద్ధతి కాదన్నాడు. తర్వాత గొంతు మార్చి, పైకి రాకపోతే గైరుహాజరు రాస్తానని, కుర్చీ తర్వాతి పేరుకు పోతుందని చెప్పాడు.

“రాయిండ్రి సారు. గాని కింద పదకొండు మంది ఉన్నరని గూడ రాయిండ్రి. మెట్లెక్కలేక ఆగిండ్రని రాయిండ్రి. అబద్ధం ఒకసారి నేను రాసిన, ఈసారి మీరు రాయకుండ్రి.”

అతను కదల్లేదు, మేమూ కదల్లేదు. అప్పుడు బుక్కు తెరిచాను. ఆ మెట్ల దారిలో గొంతు బాగా మోగుతుంది, చిన్న మాట కూడా మేడ దాకా పోతుంది. తొమ్మిదేళ్లు పెండ్లికి పోని ఆమె సంగతి చదివాను. తాత సైకిల్ సంగతి చదివాను. పక్క గదుల్లోవాళ్లు వచ్చి నిలబడ్డారు. పేజీ తిప్పితే మూలింటామె మాట వచ్చింది. ఆ మాట చదవలేక బుక్కు దించి ఆమె వైపు చూశాను.

మూలింటామె చాట పక్కన పెట్టి లేచింది. ఒళ్లోని ఆకు ముక్కలు దులుపుకుంది. కొడుకు చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు దగ్గర నిలబడి, అరుగు మీద అన్న ఆ మాటను పైకి చూస్తూ అంది. అరవలేదు. పాలు పోసేవాడికి లెక్క చెప్పినంత మామూలుగా అంది. ఇంకొక మాట మాత్రం చేర్చింది.

“గీ మొక్కు నాకెందుకు వచ్చిందో మీరు కిందికి దిగి అడుగుండ్రి.”

పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. పెద్ద డాక్టరు దిగివచ్చాడు. తల నెరిసిన మనిషి, మోకాళ్ల నొప్పులున్నట్టుంది, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఏడో మెట్టు దగ్గర ఆయన కాలూ తడబడింది. ఒక స్టూలు తెప్పించుకుని నా బిడ్డ ముందు కూర్చున్నాడు. ఈ పిల్లకు మనం చెప్పేది తెలుస్తుందా అని నన్ను అడిగాడు. దాన్నే అడగమన్నాను. ఇక్కడే చూడనా అమ్మా అని అడిగాడు. కుట్ల మచ్చ ఉన్న గదువను నా బిడ్డ ఎంత పైకెత్తిందంటే, తల వెనక్కి గోడకు తగిలింది.

స్టాంపూ రిజిస్టరూ పైనే ఉండిపోయాయి. వాటిని కిందికి తేవడానికి ఇంకో పెద్దసారు సంతకం కావాలట. అందుకని ఒక్కో కాగితం పట్టుకుని గుమాస్తా మెట్లెక్కి దిగాడు. పదకొండుసార్లు. ఆరోసారికి వగరుస్తూ వచ్చి మా పక్కనే కూలబడ్డాడు. మూలింటామె చెంబుతో నీళ్లిచ్చి, జర ఆగి పో బిడ్డా, నడుము పట్టుకుంటది అంది. అందరం నవ్వాం. పాపం, అతనూ నవ్వాడు.

ఆ తర్వాతి నెల నుంచి బోర్డు కింది వరండాలోనే కూర్చుంది. మా ఊళ్ల దాకా రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, దానికి ఇంకో రెండు నోటుబుక్కులు పట్టాయి. మమ్మల్ని గయ్యాళులన్నారు, పిల్లల్ని అడ్డం పెట్టుకుని నాటకాలన్నారు. అనుకోనీ. చేతులు ఖాళీ లేవు కాబట్టి చెవులు మూసుకునే తీరిక కూడా మాకు లేకపోయింది.

కుర్చీ వచ్చింది. వచ్చిన రోజే గుమ్మం దగ్గర ఆగిపోయింది. మా ఇంటి గడప జానెడు ఎత్తు, పసుపు రాసి బొట్లు పెట్టే గడప. మా ఆయన గొడ్డలి తెచ్చి మా అత్త ముఖం చూశాడు. గడప లేని ఇల్లు ఉంటుందా అని ఆమె ఎవరితోనైనా తగువుపడే మనిషి. అలాంటిది పొద్దున తానే పెట్టిన బొట్లు కొంగుతో తుడిచి, కొట్టు అంది. పండుగకు ఇప్పుడు ఆ ఖాళీ చోట నేల మీదే పసుపు రాస్తాం.

కుర్చీ వచ్చిన ఏడాదే కొత్త ఫారం పట్టుకుని ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. దాంట్లో కుటుంబం కష్టాలు అని ఒక గీత ఉంది, ఒక్క గీత. చక్రాల చప్పుడు విని తల ఎత్తాడు. నా బిడ్డ గడప లేని గుమ్మంలోంచి, నెలల తరబడి నేర్చుకున్న చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ బయటికి వచ్చి అతని ముందు ఆగింది. అతను పెన్ను తీసి, అందరూ అడిగినట్టే బాగున్నరా అమ్మా అన్నాడు. అలవాటుగా నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని బిడ్డ వైపు చూశాను. అది కళ్లు గట్టిగా మూసుకుంది.

“బాగలేం సారు. కూసోండ్రి, చెప్త” అని చాట పక్కకు జరిపి, అతనికి చోటు చేశాను.